రాత్రి వలసలు చూడాలంటే

చిరంజీవి మాధవికి, బాబాయి ఆశీస్సులు.

రాత్రిపూట వలస పక్షుల్ని గమనించడానికి ఏం కొనాలని అడిగావు. ఇప్పుడే ఏమీ కొనకు, నీ బైనాక్యులర్ చాలు. పున్నమికి అటూ ఇటూ రోజుల్లో దాన్ని స్టాండుకి బిగించి చంద్రుడి మీద పెట్టు. ఓపిగ్గా చూస్తే ఓ నల్లటి చుక్క ఈ అంచు నుంచి ఆ అంచుకి దాటిపోతుంది. అంతా సెకనో, రెండో. మొదటిసారి నేను కంట్లో నలుసనుకుని కళ్లు నులుముకున్నాను, ఈలోగా ఎన్ని పోయాయో! కనిపించిన టైము, వెళ్లిన దిక్కు రాసుకో. చంద్రుడు లేనిరోజు చెవులు పెట్టు. పైనుంచి 'త్సిప్' అని సన్నటి పిలుపులు రాలుతుంటాయి.

చిన్న పక్షులు ఎక్కువగా పొద్దుగూకిన అరగంట, ముప్పావు గంటకి లేస్తాయి. అన్ని రాత్రులూ ఒకలా ఉండవు. రోజుల తరబడి ఎదురుగాలి వీచి, ఒక్కసారిగా వెనకనుంచి తోసే గాలి మొదలైందా, ఆ రాత్రి నిద్ర మానుకో. ఆగిపోయినవన్నీ ఒకేసారి బయల్దేరతాయి. వానల కోసం పెట్టిన రాడార్లలోనూ ఆ గుంపులు కనిపిస్తాయి. అమెరికాలో బర్డ్‌కాస్ట్ అనే ప్రాజెక్టు ఆ రాడార్ల లెక్కల్నీ వాతావరణ సూచనల్నీ కలిపి ఏ రాత్రి ఎన్ని ఎగురుతాయో ముందుగా చెబుతుంది.

భవనాల దీపాల వల్ల పక్షులు చచ్చే గొడవ ఎక్కువగా అలాంటి రాత్రులదే. 2023 అక్టోబరులో షికాగోలోని మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద సమావేశ భవనం అద్దాలకి కొట్టుకుని ఒక్క రాత్రిలో వెయ్యికి దగ్గరగా పక్షులు చచ్చిపోయాయి. వెలుగు వాటిని దారి తప్పించి కిందికి లాగుతుంది, అద్దం మిగతా పని పూర్తిచేస్తుంది. వెలిగే కిటికీల్లో సగం ఆర్పినా చావులు సుమారు 60 శాతం తగ్గుతాయని అదే భవనం దగ్గర ఏళ్లతరబడి ఏరిన పక్షుల లెక్కే చెప్పింది. 2024లో, అద్దం ఉందని పక్షులకి తెలిసేలా చుక్కల ఫిల్మ్ అంటించాక అక్కడ చావులు బాగా తగ్గాయి.

ప్రమాదం ఎక్కువగా ఆ కొన్ని రాత్రుల్లోనే కాబట్టి 'ఏడాదంతా లైట్లు ఆర్పండి' అని అర్జీ పెట్టకు. నేను నాలుగు పేజీలు రాస్తే ఎవరూ చదవలేదు. తరవాత స్విచ్ చేతిలో ఉన్న వాచ్‌మన్‌నే వెతుక్కుని, "ఈ నాలుగు రాత్రులు, పదకొండు దాటాక, పైఅంతస్తులవి మాత్రం" అని అడిగాను. ఆర్పేశాడు! బయటి దీపాలైతే కిందికి వంచమను, తెలుపుకి బదులు పసుపు వెలుగు పెట్టమను.

తెల్లారగానే, ఊడ్చేవాళ్లు రాకముందే, గోడల వెంట ఓసారి తిరుగు. కొట్టుకుని సొమ్మసిల్లిన పక్షి కనిపిస్తే గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి చీకట్లో ఉంచు. నోట్లో నీళ్లు పోయకు, మాటిమాటికీ మూత తీసి చూడకు. లోపల రెక్కల చప్పుడు గట్టిగా వినిపించాక, అద్దాలకి దూరంగా, చెట్ల దగ్గరికి తీసుకెళ్లి తెరువు.

మీ బాబాయి