టెక్ సందేహాలు: కదలని కారులో కళ్లెందుకు తిరుగుతాయి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డ్రైవింగ్ సిమ్యులేటర్ల గురించే, అంటే తెర ముందు కూర్చోబెట్టి కారు నడపడం నేర్పే యంత్రాల గురించి.

డ్రైవింగ్ స్కూల్లో మొదటి మూడు క్లాసులు సిమ్యులేటర్ మీదే చెబుతున్నారు. కూర్చున్న పది నిమిషాలకే కడుపులో తిప్పుతోంది, చెమటలు పడుతున్నాయి. ఘాట్ రోడ్డులో బస్సెక్కినా నాకేమీ కాదు. లోపం నాలోనా, మెషిన్‌లోనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మీలో లోపం లేదు. మెషిన్‌లో ఉండే అవకాశం మాత్రం ఉంది. బస్సులో వచ్చే వికారానికి ఇది తలకిందులు. అక్కడ ఒళ్లు ఊగుతున్నట్టు లోపలి చెవి చెబుతుంది, ఫోను చూస్తున్న కళ్లు ఏమీ కదలడం లేదంటాయి. సిమ్యులేటర్‌లో కళ్లు ‘వెళ్తున్నాం’ అంటే చెవి ‘కూర్చునే ఉన్నాం’ అంటుంది. అందుకే ఘాట్ రోడ్డును తట్టుకున్నవాళ్లు ఇక్కడ తట్టుకోలేకపోవచ్చు. ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లకు కొత్తవాళ్లకన్నా ఎక్కువ ఇబ్బంది కావడమూ మామూలే. మలుపులో ఒళ్లు ఎటు ఒరగాలో వాళ్ల శరీరానికి ముందే తెలుసు, ఇక్కడ ఆ ఒరుగు రాదు.

మెషిన్ వైపు చూడాల్సింది ఆలస్యం. మీరు స్టీరింగ్ తిప్పితే సెన్సర్ దాన్ని చదవాలి, కారు ఎటు కదలాలో సాఫ్ట్‌వేర్ లెక్క కట్టాలి, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయాలి, తెర చూపించాలి. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు వెనకబడితే 65 దాటుతుంది. చాలాచోట్ల మానిటర్లకు బదులు టీవీలు బిగిస్తారు. ఆ టీవీ బొమ్మను ‘అందంగా’ మార్చే పనిలో ఇంకొంత సమయం తింటుంది. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయమని అడగండి, ఖర్చు లేని మరమ్మతు ఇది.

అనుమానం తీరాలంటే స్టీరింగూ తెరా రెండూ కనిపించేలా ఫోన్‌ను పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో వీడియో తీయండి. చెయ్యి కదిలిన క్షణం నుంచి తెర కదిలేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కోటి దాదాపు 4 మిల్లీసెకన్లు. 12 వస్తే 50 మిల్లీసెకన్లు, ఫర్వాలేదు. 25 దాటితే యజమానికి ఆ వీడియో చూపించండి.

మీ వైపు నుంచి చేయగలిగింది: మొదటి రోజుల్లో తిన్నని రోడ్డు మీద 30–40 కిలోమీటర్ల వేగంతోనే నడపండి. యూటర్న్‌లు, రౌండ్‌అబౌట్‌లు తర్వాత. వికారం ఎక్కువ పుట్టేది మలుపుల్లోనే. మొహానికి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. కడుపులో తిప్పడం మొదలవగానే ఆపేయండి. పళ్లు బిగబట్టి కూర్చుంటే అలవాటు కాదు, మర్నాడు సీటు చూడగానే వికారం వస్తుంది. దిగగానే బండి తీయకుండా ఓ అరగంట ఆగండి. చాలామందికి నాలుగైదు చిన్న సెషన్లలో తగ్గుతుంది.

మా స్కూలుకు సిమ్యులేటర్ కొనాలి. కదలని సీటుతో ఒకటి, మూడు యాక్సిస్‌లది ఒకటి, ఆరు యాక్సిస్‌లది ఒకటి, మూడు కొటేషన్లు వచ్చాయి. ధరల్లో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఏది తీసుకోమంటారు?
— డ్రైవింగ్ స్కూల్ నిర్వాహకుడు, కరీంనగర్

కదలనిదే తీసుకోండి. మిగిలిన డబ్బు పెడళ్ల మీద పెట్టండి.

కదిలే సీటు చేసే కనికట్టు ఇది. అది నిజంగా ముందుకు పరుగెత్తలేదు కాబట్టి వెనక్కి వాలుతుంది. మీ బరువు వీపు మీద పడుతుంది, తెర మీద కారు వేగం అందుకుంటుంది, మెదడు రెండూ కలిపి ‘యాక్సిలరేషన్’ అనుకుంటుంది. 10 డిగ్రీలు వాలితే దక్కేది 0.17 జీ (ఒక జీ అంటే భూమి మనల్ని లాగే బలమంత). ఊళ్లో మామూలుగా వేసే బ్రేకు 0.3 జీ అనుకుంటే దానికి 17 డిగ్రీలకు పైగా వంచాలి. పైగా వంగడం మనిషికి తెలియకూడదు. సెకనుకు 3 డిగ్రీలు దాటితే పసిగట్టేస్తాం. అంటే 17 డిగ్రీలకు దాదాపు ఆరు సెకన్లు. ఈలోగా నిజమైన కారు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది! తొందరగా వంచితే ‘బ్రేకు పడింది’ అనిపించదు, ‘కుర్చీ ఒరిగింది’ అనిపిస్తుంది. ఆపి, కదిలి, మళ్లీ ఆపే ఊరి డ్రైవింగ్‌కు ఈ పద్ధతి బొత్తిగా సరిపడదు.

యాక్సిస్‌లు (సీటు కదిలే దిశలు), వాటికోసం కింద బిగించే కాళ్లు ఎన్ని పెంచినా ఈ లెక్క మారదు. ఆరు కాళ్ల వేదికను 1950ల్లో డన్‌లప్ టైర్ల కంపెనీలో ఎరిక్ గాఫ్ టైర్ల పరీక్ష కోసం తయారు చేశారు. 1965లో స్టీవార్ట్ అనే ఇంజినీరు విమాన సిమ్యులేటర్ల కోసం అలాంటిదాన్ని ప్రతిపాదించాక ఆయన పేరే స్థిరపడింది. అసలైన బ్రేకు అనుభూతి కావాలంటే వేదికనే పరుగెత్తించాలి. టయోటా తన హిగషి ఫుజి పరిశోధన కేంద్రంలో సిమ్యులేటర్ గుమ్మటాన్ని 35 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున పట్టాల మీద తిప్పుతుంది. మీ స్కూలు హాల్లో అది పట్టదు.

కొటేషన్‌లో చూడాల్సినవి వేరే ఉన్నాయి. బ్రేకు పెడల్‌లో లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సర్) ఉందా అని మొదట అడగండి. నిజమైన కారులో కొంత దిగాక పెడల్ పెద్దగా కదలదు, కాలి బలాన్ని బట్టి బ్రేకు పడుతుంది. లోడ్ సెల్ ఆ బలాన్నే కొలుస్తుంది. మామూలు సెన్సర్ పెడల్ ఎంత దూరం దిగిందో మాత్రమే కొలుస్తుంది. దాని మీద నేర్చుకున్న కాలు అసలు కారులో తడబడుతుంది.

రెండోది, క్లచ్ వదలగానే ఇంజిన్ ఆగిపోతుందా? డెమోలో మీరే కూర్చుని, యాక్సిలరేటర్ ఇవ్వకుండా మొదటి గేరులో క్లచ్ ఠక్కున వదలండి. బండి హాయిగా వెళ్లిపోతే ఆ సాఫ్ట్‌వేర్ శిక్షణకు పనికిరాదు. సీటు కింద ఒక వైబ్రేషన్ స్పీకర్ ఉంటే ఇంకా మంచిది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 27 సార్లు, మూడు సిలిండర్లది 20 సార్లు మండుతుంది. హాఫ్ క్లచ్‌లో ఇంజిన్ గింజుకోవడం విద్యార్థికి నడుము కింద తెలియాలి. కదిలే సీటు ధరలో చిన్న ముక్కతో ఇది వస్తుంది.

స్టీరింగ్ కుడివైపు, గేరు ఎడమచేతికి ఉండాలి. ట్రాఫిక్‌లో రాంగ్ రూట్‌లో వచ్చే బైకు, చెప్పకుండా ఆగే ఆటో, అడ్డొచ్చే గేదె ఉండాలి. యూరప్ హైవే మీద నేర్చుకుని మన సెంటర్లోకి వస్తే ఏం లాభం? యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని స్టీరింగులు మధ్య స్థానం వెతుక్కుంటూ తమంతట తామే గట్టిగా తిరుగుతాయి, అప్పుడు చేతులు తీసేయమని విద్యార్థులకు ముందే చెప్పండి.

సిమ్యులేటర్ మీద గంటలు పూర్తిచేస్తే ఆర్టీవో ఆఫీసులో టెస్ట్ ఉండదట, నిజమేనా?
— వరంగల్ నుంచి

సగం నిజం. 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కోర్సు చేసి అక్కడి పరీక్ష పాసైతే ఆర్టీవో డ్రైవింగ్ టెస్ట్ మినహాయింపు ఉంటుంది. ఆ కేంద్రాలకు సిమ్యులేటరూ, టెస్ట్ ట్రాకూ రెండూ ఉండాలి. కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు. సిమ్యులేటర్ అందులో ఒక భాగం మాత్రమే. మీ వీధి చివర స్కూల్లో సిమ్యులేటర్ ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదు.

ఇంట్లో లాజిటెక్ జీ29 స్టీరింగ్, 27 అంగుళాల మానిటర్ ఉన్నాయి. క్లాసుకు వెళ్లేలోగా వీటితో నేర్చుకోవచ్చా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

కొంత నేర్చుకోవచ్చు. ముందు గేరు షిఫ్టర్ విడిగా కొని ఎడమవైపు బిగించండి, అది జీ29తో పాటు రాదు. తర్వాత గేమ్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెర ఎంత కోణం మేర దృశ్యం చూపాలన్నది, సరిచేయండి. మీ తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. కంటికీ తెరకీ 60 సెంటీమీటర్ల దూరం ఉంటే అడ్డంగా 53 డిగ్రీలు పెట్టాలి. గేమ్ నిలువు కోణం అడిగితే 31. అంతకన్నా ఎక్కువ పెడితే రోడ్డు విశాలంగా కనిపిస్తుంది, ఎదుటి బండి ఉన్నదానికన్నా దూరంగా తోస్తుంది. బ్రేకు అంచనా అక్కడే తప్పుతుంది.

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే గేమ్‌లో ఇంగ్లండ్ రోడ్లు ఎంచుకుంటే ఎడమవైపు ట్రాఫిక్ దొరుకుతుంది. కుడివైపు స్టీరింగ్ ఉన్న క్యాబిన్ పెట్టుకోవడం మరవద్దు. అద్దం, ఇండికేటర్, క్లచ్, గేరు వరస చేతికీ కాలికీ అలవాటయ్యేదాకా సాధన చేయండి. రివర్స్ పార్కింగ్, ఎత్తు మీద హాఫ్ క్లచ్, రెండు బండ్ల మధ్య పడుతుందా లేదా అన్న అంచనా మాత్రం ఇక్కడ రావు. బల్లపరుపు తెరలో లోతు లేదు, తల పక్కకి జరిపినా బొమ్మ మారదు.

మా సిమ్యులేటర్ కొని ఎనిమిది నెలలైంది. క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు పడటం లేదు, ఒక్కోసారి తొక్కకుండానే తొక్కినట్టు చూపిస్తోంది.
— నెల్లూరు నుంచి

విండోస్ సెర్చ్‌లో ‘సెటప్ యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్’ తెరిచి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, పెడల్‌ను మెల్లగా నొక్కండి. గీత నున్నగా జరుగుతూ చివరికి చేరకపోతే క్యాలిబ్రేషన్ (పెడల్ మొదలు, చివర ఎక్కడో సాఫ్ట్‌వేర్‌కు తెలిపే సర్దుబాటు) తప్పింది. గేమ్‌లో మళ్లీ చేస్తే చాలు. గీత ఎగిరెగిరి పడుతుంటే పెడల్ వెనక ఉన్న పొటెన్షియోమీటర్‌లో (పెడల్ ఎంత దిగిందో కొలిచే సెన్సర్‌లో) దుమ్ము చేరింది. నేర్చుకునేవాళ్లు క్లచ్ మీంచి కాలు తీయరు కదా, అసలు కారులో క్లచ్ ప్లేటు అరిగినట్టే ఇక్కడ కార్బన్ పూత అరుగుతుంది.

కరెంటు, యూఎస్‌బీ రెండూ తీసేసి, పెడల్ యూనిట్ అడుగు మూత విప్పండి. పొటెన్షియోమీటర్ సందులో ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, పెడల్‌ను 20, 30 సార్లు పైకీ కిందికీ ఆడించండి. తుప్పు వదిలించే మామూలు స్ప్రే వాడొద్దు, దాని నూనె దుమ్మును ఇంకా పట్టేస్తుంది. పావుగంట ఆరనిచ్చి, పెడళ్ల మీద కాలు పెట్టకుండా తిరిగి కలపండి. యూఎస్‌బీ హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టి, మూడు పెడళ్లనూ ఒక్కోసారి చివరిదాకా నొక్కండి. తర్వాత క్లచ్‌కు 5 శాతం డెడ్‌జోన్ ఇవ్వండి, అంటే అంతలోపు చిన్న కదలికను సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు. నెలలో మళ్లీ మొదలైతే పూత అరిగినట్టే. పాతదాని మీద ఉన్న ఓమ్ విలువే చూసి, లీనియర్ రకం కొత్తది వేయించండి. సరిపోయే హాల్ సెన్సర్ (అయస్కాంతంతో కొలిచేది) కిట్ దొరికితే అదే వేయించండి, అందులో రాసుకునే భాగమే ఉండదు.