తక్కువ ఫీజులో ప్రోగ్రామింగ్ నేర్పే కాలేజీని ఎలా ఎంచుకోవాలి?

ప్రోగ్రామింగ్ చదవాలని ఉంది, ఇంట్లో ఎక్కువ పెట్టే స్తోమత లేదు, అప్పు చేసైనా పేరున్న కాలేజీలో చేరాలా, తక్కువ ఫీజు కాలేజీ సరిపోతుందా అని అడిగారు. నేను చదివింది తక్కువ ఫీజు కాలేజీలోనే. చాలా ఏళ్లుగా కోడ్ రాస్తూనే బతుకుతున్నాను. కాబట్టి సరిపోతుందనే అంటాను. కాకపోతే ఫీజు తక్కువన్న ఒక్క కారణంతో చేరిపోతే ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు.

మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నీ గుణిస్తే వచ్చేది) ప్రోగ్రాం రాశాను. సి భాషలో కోడ్ రాసే, అప్పటికే పాతబడిపోయిన టర్బో సి అనే సాఫ్ట్‌వేర్, ఆ నీలం తెర. 5 ఇస్తే 120 వచ్చింది, 7 ఇస్తే 5040. ఊరుకోకుండా 8 ఇచ్చాను. మైనస్ 25216 అని వచ్చింది. పక్కవాడి మిషన్‌లోనూ అంతే. సార్‌ని పిలిస్తే తెర వైపు ఓసారి చూసి, "పరీక్షలో 5 ఇస్తే చాలు, 8 ఎవరడిగారు?" అని వెళ్లిపోయారు.

మిషన్లు బాగుచేసే ల్యాబ్ అసిస్టెంట్ ఒకాయన ఇదంతా వింటున్నారు. స్టూల్ లాక్కుని నా పక్కన కూర్చుని, నోట్‌బుక్ వెనక పేజీలో 16 గళ్లు గీశారు. "ఈ కంపైలర్‌లో, అంటే మన కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లో, ఇంటీజర్‌కి (పూర్ణాంకానికి) ఉన్న చోటు ఇంతే. 32767 దాటితే పట్టదు. మొదటి గడిలో 1 పడిందంటే దాన్ని మైనస్ అని చదువుకుంటుంది. 8కి అసలు జవాబు 40320. అందులోంచి, ఈ 16 గళ్లని 0, 1లతో నింపగల మొత్తం రకాలు 65536 తీసి చూడు" అన్నారు. తీస్తే సరిగ్గా మైనస్ 25216! ఆ సెమిస్టర్‌కి కట్టిన ఫీజు గిట్టుబాటైంది ఆ పది నిమిషాల్లోనే. మిగతా నాలుగు నెలల్లో ఏం చెప్పారో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

అందుకే కాలేజీ వెతికే ముందు, ఫీజు దేనికి కడుతున్నామో తేల్చుకోండి. పాఠాలకైతే కాదు. ఎంఐటీ తన కోర్సుల పాఠాలను నెట్‌లో ఉచితంగా పెడతామని 2001లోనే ప్రకటించింది. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 అనే కంప్యూటర్ సైన్స్ పరిచయ కోర్సు ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడొచ్చు, అసైన్‌మెంట్లు కూడా చేయొచ్చు. సాఫ్ట్‌వేర్‌కీ కాదు. లినక్స్ (ఆపరేటింగ్ సిస్టమ్), జీసీసీ (కంపైలర్), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), గిట్ (కోడ్‌లో చేసిన మార్పులు భద్రపరిచేది) అన్నీ ఉచితమే, కాస్త పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తాయి. డబ్బు పెడితేనే దొరికేవి గుర్తింపు ఉన్న డిగ్రీ, మన కోడ్ చదివి "ఇది ఎందుకిలా రాశావు?" అని అడిగే మనిషి, అదే బగ్‌తో తల పట్టుకున్న తోటివాళ్లు. వీటిలో డిగ్రీ సంగతి కాగితాల్లో తెలిసిపోతుంది. మిగతావి వెళ్లి చూస్తే తప్ప తెలియవు.

కాగితాల పని ముందు కానిచ్చేయండి. గుర్తింపు ఉందో లేదో కాలేజీ బ్రోషర్‌లో కాదు, గుర్తింపు ఇచ్చే సంస్థ సైట్‌లోనే చూడాలి. వేరే దేశానికి వెళ్లే ఆలోచన ఉంటే, కంప్యూటింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు కోసం 2008లో వచ్చిన సియోల్ అకార్డ్ అనే ఒప్పందం ఉంది. మీరు చూస్తున్న కోర్సు దాని కిందికి వస్తుందేమో కనుక్కోండి. సిలబస్‌లో డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, నెట్‌వర్క్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ ఉండాలి. ఏసీఎం అనే కంప్యూటింగ్ సంఘం కంప్యూటర్ సైన్స్‌లో ఏమేం నేర్పాలో 1968 నుంచీ జాబితాలు వేస్తూనే ఉంది. వాటిలోనూ ఈ పునాది సబ్జెక్టులు పెద్దగా మారలేదు. ఇవి ఉంటే కోర్సు పేరులో ఏ కొత్త మాట తగిలించారన్నది నేనైతే పట్టించుకోను.

ఇక డబ్బు లెక్క. అందరం మొదటి సంవత్సరం ఫీజు చూసి పోల్చుకుంటాం, బోల్తా పడేది అక్కడే. చివరి పరీక్ష రాసి సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా మొత్తం ఎంతవుతుందో ఒక కాగితం మీద వేయండి. ఏటా ఫీజు పెంచుతారా, పరీక్ష ఫీజు వేరా, ఒక సబ్జెక్టు తప్పితే మళ్లీ కట్టాల్సింది ఎంత, ల్యాప్‌టాప్ వాళ్ల దగ్గరే కొనాలా? స్కాలర్‌షిప్ ఇస్తామంటే మాత్రం, ఎన్ని మార్కులు తగ్గితే ఆపేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. నా క్లాస్‌మేట్ ఒకడికి రెండో ఏడాది ఒక్క సబ్జెక్టు పోయినందుకు స్కాలర్‌షిప్ ఆగిపోయింది. తెలిసిన చోటల్లా అప్పు చేసి గట్టెక్కాడు, కానీ ఆ టెన్షన్‌లో ఆ ఏడాది వాడు నేర్చుకున్నది సున్నా.

దూరం కూడా ఖర్చే. రానూపోనూ రోజుకి రెండు గంటలైతే, 200 రోజులకి 400 గంటలు. ఒక మోస్తరు ప్రాజెక్టు మొదటి నుంచి చివరిదాకా సొంతంగా రాసుకునే సమయం బస్సులో పోతుంది.

అసలు ఫీజే లేని చోట్లు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. పారిస్‌లో 2013లో మొదలైన 42 అనే స్కూల్‌లో ఫీజు లేదు, పాఠం చెప్పే మాస్టార్లూ లేరు. విద్యార్థులే ఒకరి కోడ్ ఒకరు దిద్దుకుంటారు. కానీ ముందు కొన్ని వారాల పాటు నడిచే ప్రవేశ పరీక్ష ఉంటుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. 2009లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్ ఆన్‌లైన్‌లో నడుస్తుంది. ట్యూషన్ ఫీజు లేదంటారు కానీ, ప్రతి కోర్సుకీ మూల్యాంకనం ఫీజు కట్టాలి. వెనక నుంచి తోసేవాళ్లు లేకపోయినా పని చేసే స్వభావం మీదైతే ఇవి బాగుంటాయి. నాకైతే పద్దెనిమిదేళ్ల వయసులో అస్సలు కుదిరేది కాదు.

కిందటేడు మా పిన్ని కూతురితో కలిసి రెండు కాలేజీలు చూసొచ్చాను. మొదటిదాంట్లో ల్యాబ్ మెరిసిపోతోంది. వరసగా కొత్త మిషన్లు, కీబోర్డుల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. అది చూసే నాకు అనుమానం వచ్చింది. రెండోదాంట్లో ఫ్యాన్లు గోల పెడుతున్నాయి, కొన్ని కీల మీద అక్షరాలు అరిగిపోయాయి. బోర్డు మీద మాత్రం లింక్డ్ లిస్ట్ (డేటాను గొలుసులా కలిపే పద్ధతి) బొమ్మ, బాణాలు కొట్టేసి మళ్లీ గీసి ఉంది. సాయంత్రం ఎనిమిది దాకా ల్యాబ్ తెరిచే ఉంటుందట.

రెండు చోట్లా ప్లేస్‌మెంట్ల గురించి అడిగాం. అత్యధిక జీతం అడక్కముందే చెప్పారు. మధ్యస్థంగా ఎంత, ఎంతమంది హాజరైతే ఎంతమందికి వచ్చాయి అంటే మొదటి కాలేజీలో మాట మార్చారు. అలా మార్చారంటే అదే జవాబు అనుకోండి.

తర్వాత రెండు చోట్లా రెండో ఏడాది పిల్లల్ని ఒక చిన్న సాయం అడిగాను. సి లో మామూలు ఇంటీజర్‌తో ఫ్యాక్టోరియల్ రాసి 13 ఇవ్వమన్నాను. ఇప్పటి మిషన్లలో ఇంటీజర్ 32 బిట్లు, అంటే 16 బదులు 32 గళ్లు కాబట్టి 12 దాకా సరిగ్గా వస్తుంది. 13కి మామూలుగా 1932053504 అని చూపిస్తుంది. మా రోజుల్లోలా మైనస్ రాదు, చూడ్డానికి నిజమైన జవాబులాగే ఉంటుంది, కానీ తప్పే. మీరూ వెళ్లినప్పుడు ఇదే అడగండి, పైథాన్‌లో మాత్రం వద్దు, అందులో సరైన జవాబే వస్తుంది.

మెరిసే ల్యాబ్‌లో కుర్రాడు "వచ్చేసింది సార్" అని లేచాడు. రెండో చోట ఒకమ్మాయి ఎంటర్ కొట్టి, తెర వైపే చూస్తూ ఉండిపోయింది. "చివర 04 ఎలా వస్తుంది? ఇందులో 5 ఉంది, 10 ఉంది, రెండు సున్నాలు రావాలి కదా" అంది. వెనక బెంచీ నుంచి ఇద్దరు లేచి వచ్చారు, వాదన మొదలైంది. మేం వచ్చిన సంగతే మర్చిపోయారు. మా చెల్లెలు అక్కడే చేరింది.