ప్రొటీన్ బార్ కొనే ముందు రేపర్ వెనక్కి తిప్పండి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, హైస్కూల్లో టీచర్‌ని. నాలుగు నెలల క్రితం బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ తినమన్నారు. ఇంట్లో ఉంటే గుడ్డో పెరుగో పప్పో తింటాను గానీ స్కూల్లో కుదరడం లేదు. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ప్రొటీన్ బార్ల డబ్బా తెప్పించాడు. షుగర్ ఫ్రీ అని ఉంది కదా అని ఒకటి మొత్తం తిన్నాను, సాయంత్రానికి కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు. పైగా జుట్టు రాలుతోంది, టెన్షన్‌గా ఉంది. బార్లు నాకు పడవా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అన్ని బార్లూ పడవని అప్పుడే తేల్చుకోకండమ్మా. ఆ డబ్బాలో మిగిలినవి మాత్రం మీ అబ్బాయికే ఇచ్చేయండి. మీరు రాసింది చూస్తే నా అనుమానం తీపి కోసం అందులో వేసిన పదార్థం మీదే. షుగర్ ఫ్రీ బార్లలో చాలా వాటికి చక్కెర బదులు మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి వేస్తారు. ఇవి పూర్తిగా ఒంటికి పట్టవు, పేగుల్లోకి నీటిని లాగుతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. మోతాదు మించితే ఆపరేషన్ లేనివాళ్లకే విరేచనాలు అవుతాయి, మీకు స్లీవ్‌లో పొట్టలో ముప్పావు వంతు పైనే తీసేశారు, ఇక చెప్పాలా. రేపర్ మీద వీటి పేర్లు లేకుండా ఒక్కోసారి నంబర్లే ఉంటాయి, గుర్తుపెట్టుకోండి: ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) 965 అంటే మాల్టిటాల్, 420 అంటే సార్బిటాల్. షికోరీ వేరు నుంచి తీసే ఇనులిన్ అనే పీచు కూడా చాలామందికి గ్యాస్ చేస్తుంది, హై ఫైబర్ అని ముందు పెద్దక్షరాల్లో ఉంటే వెనక దీనికోసం వెతకండి. ఆపరేషన్ తర్వాత పాలు పడకుండా పోయినవాళ్లయితే వే కాన్సంట్రేట్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రొటీన్) కాకుండా, దాన్నే ఇంకా శుద్ధి చేసిన వే ఐసొలేట్ ఉన్నది చూసుకోవాలి, అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర చాలా తక్కువ.

ఇక ప్రొటీన్ లెక్క. కొన్ని కంపెనీలు 100 గ్రాములకు ఎంతో వేస్తాయి, మీ చేతిలో ఉన్న బార్ 40 గ్రాములే ఉంటుంది. 100 గ్రాములకు 25 అని ఉంటే మీకు దక్కేది 10 గ్రాములే అన్నమాట. నేను చెప్పే సులువైన లెక్క ఏమిటంటే, బార్‌లో ఉన్న ప్రొటీన్ గ్రాములను పదితో హెచ్చించండి, మొత్తం క్యాలరీలు ఆ అంకెకు దగ్గర్లో ఉంటే మంచిదే. 20 గ్రాముల ప్రొటీన్, 210 క్యాలరీలు ఉన్నది తీసుకోవచ్చు. 8 గ్రాముల ప్రొటీన్‌కు 220 క్యాలరీలు ఉన్నదాన్ని అక్కడే పెట్టేయండి, అది పేరు మార్చుకున్న మిఠాయి. కలిపిన చక్కెర 5 గ్రాములు దాటకుండా చూసుకోండి. ఏ ప్రొటీనో కూడా చదవాలి. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు కాబట్టి వే, పాల ప్రొటీన్, సోయా ఐసొలేట్ లాంటివి మొదట్లోనే కనిపించాలి. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే కొల్లాజెన్‌నో జెలటిన్‌నో చూపించి గ్రాములు పెంచిన బార్లు మీకు వద్దు, వాటిలో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అసలు ఉండదు, మీ కండ నిలబెట్టుకునే పనికి అవి చాలవు.

తినే పద్ధతి కూడా ముఖ్యమే. మొదటిసారి సగం కూడా కాదు, పావు వంతు తినండి, అదీ స్కూల్లో కాదు, సెలవు రోజున ఇంట్లో. బాగా నమలండి, గట్టి బార్ ముద్దగా దిగితే ఛాతీలో పట్టేసినట్టు ఉంటుంది. బార్‌తో పాటు టీ, నీళ్లు తాగకండి, అరగంట ఆగండి. ఐరన్ మాత్ర వేసుకుంటూ ఉంటే, కాల్షియం బాగా కలిపిన బార్‌కూ దానికీ రెండు గంటలు ఎడం ఉంచండి. రోజుకు ఒకటి మించవద్దు, అదీ భోజనం కుదరని పూటకే. గంటకోసారి కాస్త కొరుకుతూ పోతే క్యాలరీలు తెలియకుండా చేరిపోతాయి, బరువు మళ్లీ ఎక్కే దారుల్లో అదొకటి. నిజానికి స్కూల్‌కి రెండు ఉడికించిన గుడ్లు పట్టుకెళ్తే సుమారు 12 గ్రాముల ప్రొటీన్, 50 గ్రాముల పనీర్ ముక్కలైతే ఓ 9 గ్రాములు. బార్ కంటే నాకు ఇవే ఇష్టం.

జుట్టు గురించి: ఆపరేషన్ అయిన మూడో నెల నుంచి ఆరో నెల దాకా రాలడం చాలామందిలో చూసేదే, ఎక్కువమందికి మళ్లీ వస్తుంది. అయినా ప్రొటీన్, ఐరన్, జింక్ తగ్గినా రాలుతుంది కాబట్టి రక్త పరీక్షలు వాయిదా వేయకండి, రాసిచ్చిన విటమిన్ మాత్రలు మానకండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది, ఏడాది క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) అయింది. బయటి బార్లలో కెమికల్స్ ఉంటాయని అమ్మ పల్లీ చిక్కీ, ఖర్జూరం లడ్డూ పెడుతోంది. తిన్న కాసేపటికి ఆయనకు చెమటలు, గుండెదడ. ఇవి మంచివే కదా? – విజయనగరం

జవాబు: అమ్మగారి ప్రేమ అర్థమైంది గానీ, ఈ రెండూ వెంటనే ఆపించండి. బెల్లం కూడా చక్కెరే, ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే. బైపాస్ అయినవాళ్లలో తీపి ఆగకుండా నేరుగా చిన్నపేగులోకి దిగుతుంది, పది నిమిషాల నుంచి అరగంటలో చెమట, దడ, కడుపు నొప్పి వస్తే దాన్ని డంపింగ్ అంటారు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వస్తే మాత్రం రక్తంలో షుగర్ పడిపోయి ఉండొచ్చు, కాబట్టి అలా అనిపించగానే గ్లూకోమీటర్‌తో చూసి, టైమ్‌తో సహా రాసి పెట్టండి. 70 కంటే తక్కువ వస్తే అప్పటికప్పుడు డాక్టర్ చెప్పినట్టు గ్లూకోజ్ ఇవ్వాలి, తీపి మానమన్నాం కదా అని ఆ సమయంలో ఆగకూడదు. ఖర్జూరం ముద్దతో చేసి 'కలిపిన చక్కెర లేదు' అని అమ్మే బార్లు కూడా ఆయనకు పనికిరావు, మొత్తం చక్కెర ఎంతో చూడండి. అమ్మగారిని వేయించిన శనగలు మెత్తగా పొడి చేసి చిక్కటి పెరుగులో కలిపి పెట్టమనండి, తీపి లేకుండా. షుగర్ మాత్రలు ఇంకా పాత మోతాదులోనే వేసుకుంటున్నారా అన్నది మీరు రాయలేదు, ఆ చీటీ, రాసుకున్న రీడింగులు రెండూ తీసుకుని ఈ వారమే డాక్టర్‌ను కలవండి.