పచ్చళ్ల వాట్సాప్ లిస్టులో చిట్కాలెన్ని, రేట్లెన్ని?
వాట్సాప్‌లో పచ్చళ్లు అమ్మే ఒకరు, రోజూ రేట్లే పంపితే ఏమవుతుందని అడిగారు. జనం మీ నంబరు తీసేస్తారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే లిస్టు) 256 మందిని చేర్చినా, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. నా లెక్కలో నాలుగు చిట్కాలకు ఒక అమ్మకం మెసేజ్ చాలు.

చిట్కా పూర్తిగా చెప్పండి: "ఆవకాయ మూడో రోజు తిరగకలపండి. ముక్కల మీద నూనె తేలకపోతే ఇంకాస్త పప్పునూనె పోయండి. తడి గరిటె పెడితే బూజు పడుతుంది." సగం చెప్పి ఊరిస్తే నమ్మకం పోతుంది. చివర్లో రేటు తగిలించొద్దు.

అమ్మేరోజు మాత్రం మొహమాటం వద్దు. అరకిలో, కిలో ధరలు, కొరియర్ ఖర్చు, ఆర్డరుకు ఆఖరి తేదీ అన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. "రేటు కోసం మెసేజ్ చేయండి" అంటే చాలామంది అడక్కుండానే ఊరుకుంటారు.