టెంట్ కొనకండి, నాది అటక మీద ఉంది

మీరు అడిగింది ఇది: "డిసెంబర్‌లో నలుగురం ఫ్రెండ్స్ కలిసి వలస పక్షుల్ని చూడటానికి క్యాంపింగ్ ప్లాన్ చేస్తున్నాం. హైదరాబాద్ నుంచి ఎక్కడికి వెళ్తే బాగుంటుంది? పులికాట్ తప్పనిసరా? ఎలాంటి టెంట్ కొనాలి?"

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. టెంట్ కొనకండి. అంతగా కావాలంటే మా అటక మీద ఒకటుంది, ఊరికే ఇస్తాను. నారింజ రంగుది. ఒకే ఒక్క రాత్రి వాడాం.

అప్పుడు మేమూ నలుగురమే. డిసెంబర్ రెండో శనివారం పొద్దున్నే మియాపూర్‌లో బయల్దేరాలనుకుని మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. చికెన్‌కి మసాలా పట్టించే పని ఒకడిది, బొగ్గులు మర్చిపోయే పని ఇంకొకడిది. వెళ్ళింది సంగారెడ్డి జిల్లాలో మంజీరా నది వైపు. మంజీరా అభయారణ్యం సింగూరు డ్యామ్‌కీ, దిగువన ఉన్న మంజీరా బ్యారేజీకీ మధ్యలో ఉంటుంది. అక్కడ ఇష్టమొచ్చినట్టు టెంట్ వేస్తే ఊరుకోరు, లోపలికి వెళ్ళాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. అందుకని మేం తెలివిగా డ్యామ్‌కి ఎగువన, ఎవరూ అడగని చోటు చూసుకున్నాం. నీటి అంచున పచ్చగడ్డి, చదునుగా, ఎవరో మా కోసమే పరిచినట్టుంది. టెంట్ నిలబెట్టాం, స్పీకర్ బయటికి తీశాం.

గొంగడి కప్పుకున్న ఒక పెద్దాయన బర్రెల్ని తోలుకుంటూ వచ్చి ఆగాడు.

"ఏం సారూ, ఈడ పండుతరా?"

"అవును కాకా."

"పండుండ్రి. పొద్దుగాల ఎండ కాగనీకి మొసలి ఈడికే వస్తది. దాని జాగ ఇది."

మంజీరాలో మొసళ్ళుంటాయని మాకు తెలియక కాదు. బోర్డు మీద చదివాం, బోర్డు పక్కన నిలబడి ఫోటో కూడా దిగాం. కానీ బోర్డు మీది మొసలి వేరు, పక్క వేసుకున్న చోటికి వచ్చే మొసలి వేరు. పది నిమిషాల్లో టెంట్ ఊడింది. కాకానే జాలిపడి తన శనగ చేను గట్టు చూపించాడు.

చలి సంగతి చెప్పక్కర్లేదు. శీతాకాలం వార్తల్లో కోహీర్ పేరు ఊరికే రాదు, అది ఆ జిల్లానే. మా ఊపిరే టెంట్ లోపల నీళ్ళై, పైనుంచి మొహం మీద చుక్క చుక్క పడింది. స్లీపింగ్ బ్యాగ్ మీద ఇన్ని డిగ్రీల దాకా ఆగుతుందని రాసి ఉంటుందే, అది రాసినవాడు ఇంట్లో దుప్పటి కప్పుకుని రాసుంటాడు.

రాత్రి ఒంటిగంటో రెండో. నెత్తి మీద చప్పుడు. పాత స్కూటర్ హారన్‌కి జలుబు చేస్తే ఎలా మోగుతుందో అలా, ఒకటి కాదు, ముప్పై నలభై. తర్వాత రెక్కల గాలి. తర్వాత చేలో పరపరమని ఆకు తెంపుతున్న శబ్దం. అవి బార్ హెడెడ్ గూస్‌లు. తెల్లటి తల మీద రెండు నల్ల పట్టెలుండే పెద్ద బాతు. టిబెట్, మంగోలియా, లదాఖ్ సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచుకుని, చలికి హిమాలయాలు దాటి మన వైపు వస్తుంది. ఆ దారిలో 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు కూడా రికార్డయింది. మేం వచ్చిందే దాన్ని చూడటానికి. అది ఇరవై అడుగుల దూరంలో శనగ మేస్తోంది, మేమేమో జిప్పు వెనకాల ఉన్నాం.

మావాడొకడు ఆగలేక జిప్పు లాగాడు. నిశ్శబ్దంలో టెంట్ జిప్పు చప్పుడు ఎంతుంటుందో మీకు తెలియదు. చాలదన్నట్టు టార్చ్ వేశాడు. మొత్తం గుంపు ఒక్కసారిగా లేచిపోయింది. మాకు కనపడింది చీకట్లో తెల్లటి పొట్టలు, అవీ రెండు సెకన్లు.

అంతలో కాకా రేకు డబ్బా వాయించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. వాటిని తోలడానికే వచ్చాడు, మాకంటే ఆలస్యమైంది. రొప్పుతూనే, "మంచి పని చేసిండ్రు సారూ. రేపు గూడ ఈడనే పండుండ్రి," అన్నాడు.

తెల్లవారి లేచేసరికి ఎనిమిది. పక్షులన్నీ నీటి మధ్యలో నువ్వులు చల్లినట్టు ఉన్నాయి.

అప్పటినుంచి నాదొక సిద్ధాంతం. ఈ బాతులు రాత్రంతా చేలల్లో మేసి, తెల్లవారుతుండగా నీటి మీదికి తిరిగొస్తాయి, పగలంతా అక్కడే కునుకు తీస్తాయి. టెంట్‌లో పడుకున్నవాడికి నాలుగింటిదాకా నిద్ర పట్టదు, సరిగ్గా అవి తిరిగొచ్చే వేళకి గుర్రు పెడతాడు. ఆరింటికి లేచిన క్యాంపర్‌ని నేనింతవరకూ చూడలేదు. చూసినవాళ్ళుంటే కామెంట్‌లో చెప్పండి, నమ్మను.

మరుసటి నెల మా బావమరిదిని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. సంగారెడ్డిలో మామూలు లాడ్జి, నాలుగింటికి అలారం, బస్టాండ్ దగ్గర చాయ్. ఆరు కాకముందే, కాకా చేను దాటాక ఉన్న తుమ్మచెట్టు కింద మట్టిరంగు చొక్కాలతో కూర్చున్నాం. మాట్లాడలేదు. ఆకాశం బూడిద రంగు నుంచి పసుపులోకి తిరుగుతుంటే, చేల వైపు నుంచి అదే జలుబు హారన్. ఒక వరస, వెనక ఇంకో వరస, మా నెత్తి మీదుగా దిగి, కాళ్ళు ముందుకు చాచి నీటిని గీసుకుంటూ ఆగాయి. లెక్కపెట్టడం నూట పదిహేను దగ్గర మానేశాను. ఆ పక్కనే ఒడ్డు మీద రెండు జక్కవలు. పద్యాల్లో రాత్రిళ్ళు ఎడబాటుతో ఏడ్చే జక్కవల జంట కవులు కల్పించుకున్న పిట్ట అనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజంగానే ఉంది, అదీ చలికాలం అతిథే. రంగు అచ్చం మా టెంట్ రంగు. దానికి నప్పింది.

పులికాట్ తప్పనిసరా అంటే, కాదు. చూడదగ్గ చోటే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, అదృష్టం బాగుంటే బండి దిగకుండానే ఫ్లెమింగోలు కనపడతాయి. దగ్గర్లోనే నేలపట్టు, అక్కడ గూడబాతులు (పెలికాన్లు) నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కడతాయి. కానీ హైదరాబాద్ నుంచి 500 కిలోమీటర్ల పైమాట. శని, ఆదివారాలు పెట్టుకుని వెళ్తే పక్షుల కన్నా టోల్‌గేట్లే ఎక్కువ చూస్తారు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో అయితే జనాన్ని చూడటానికి వెళ్ళండి.

అడక్కపోయినా ఇంకో మాట. గూడబాతు కనపడినా, ఎర్రకాళ్ళ కొంగ కనపడినా "సైబీరియా అతిథులు" అని రాసేస్తారు, వీడియోలు చేసేవాళ్ళు మరీను. సైబీరియాకీ వాటికీ సంబంధం లేదు. అవి ఈ దేశంలోనే గూడు కట్టి పిల్లల్ని పెంచే పక్షులు. చలికి ఉత్తరం నుంచి వచ్చే బాతులు ఇక్కడ గుడ్లు పెట్టవు, పురిటికి పుట్టింటికే పోతాయి. చెట్టు మీద గూట్లో పిల్లలు కనపడుతుంటే ఇంకా సైబీరియా ఏంటండీ?

ఇక మోచేతి పొడవు లెన్స్‌తో వచ్చే మహానుభావులు. ఎగిరే ఫోటో కావాలని రాయి విసురుతారు. నా కళ్ళతో చూశాను. అంత దూరం నుంచి వచ్చి సేదతీరుతున్న పక్షిని ఊరికే లేపితే దాని ఒంట్లో కొవ్వే కదా కరిగేది, మార్చిలో మళ్ళీ కొండలు దాటాల్సింది దాంతోనే. అలాంటివాడు మీ నలుగురిలో ఉంటే ఇంట్లోనే వదిలేసి రండి.

టెంట్ డబ్బుతో బైనాక్యులర్ కొనుక్కోండి. 8×42 చాలు (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు), అంతకన్నా పెద్ద నంబర్లకి ఆశపడితే చేతులు వణికి ఏమీ కనపడదు. పక్షులు చూసేవాళ్ళు తమకి కనపడినవి రాసిపెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో సింగూరు అని కొడితే ఏ నెలలో ఎవరికి ఏం కనపడిందో వస్తుంది. అసలు పక్షులు చూడటమే మొదటిసారైతే ముందు ఒక ఆదివారం పొద్దున అమీన్‌పూర్ చెరువుకి వెళ్ళండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయినా బాతులు ఇంకా వస్తున్నాయి, వాటి ఓపికకి దండం.

ఇప్పుడు నేను ప్లానింగ్ అంటూ ఏమీ చేయను. డిసెంబర్ మొదటి వారంలో కాకా దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. పలకరింపు కూడా ఉండదు.

"సారూ, మీ బాతులొచ్చినయ్. శనగ మొత్తం మేస్తున్నయ్. తీస్కపోండ్రి."