తక్కువ బడ్జెట్ మార్షల్ ఆర్ట్స్ సినిమాకి పదికి 5.5 రేటింగ్ ఉంటే అది యావరేజ్ సినిమానేనా?

కానక్కర్లేదు, ఇలాంటి సినిమాకి 5.5 అంటే చూసినవాళ్లు రెండుగా చీలిపోయారని కూడా అర్థం కావచ్చు. కావలిలో పదిమంది చూసి, ఫైట్ల కోసం వెళ్లిన ఐదుగురు 9, కథ కోసం వెళ్లిన ఐదుగురు 2 ఇచ్చారనుకోండి. సగటు 5.5 వస్తుంది, కానీ ఆ మార్కు ఇచ్చినవాళ్లు ఒక్కరూ లేరు!

డబ్బు తక్కువైతే పెద్ద సెట్లు, పేరున్న నటులు, గ్రాఫిక్స్ కుదరవు. మంచి ఫైట్‌కి మాత్రం డబ్బు కంటే శిక్షణ ఉన్న మనుషులు, ఓపిగ్గా చేసిన రిహార్సల్స్ ముఖ్యం. అందుకే బలమంతా అక్కడ పెడతారు, కథ చాలాసార్లు పల్చబడుతుంది.

2011 నాటి ఇండోనేషియా సినిమా 'ది రెయిడ్' ఖర్చు సుమారు 11 లక్షల డాలర్లే. దాదాపు మొత్తం ఒకే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో నడుస్తుంది. ఎక్కువమంది విమర్శకులు మెచ్చుకున్నారు. పేరున్న అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ మాత్రం నాలుగు స్టార్లకి ఒక్కటే ఇచ్చాడు (మరీ పిసినారితనం అనిపిస్తుంది), ఆయన అభ్యంతరం కథ, పాత్రలు లేవనే.

రేటింగ్ తక్కువుంటే ఫైట్లు కూడా బాగోవనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఆ ఒక్క అంకెలో ఫైట్ల మార్కు, కథ మార్కు విడిగా ఉండవు.