టెక్ సందేహాలు: చక్రం ముడుచుకుంటే యాప్ ఏం చేస్తుంది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర ఉంటున్నాను. 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 కారు కొని బాగు చేయించాను. వెనక కొత్త కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్), వెడల్పాటి టైర్లు, ఫోన్‌తో బిగువు మార్చుకునే బ్లూటూత్ షాకబ్జర్లు వేయించాను. రౌండబౌట్ తిరుగుతూ యాక్సిలరేటర్ వదిలితే బండి వెనక భాగం ఒక్కసారిగా బయటికి జారుతోంది. యాప్‌లో ఉన్న సెట్టింగులన్నీ మార్చి చూశాను. ఏది పెట్టుకోవాలి? ఫొటోలు, ప్రయాణం రికార్డు చేసిన ఫైలు జతచేశాను.

జవాబు: ఏ సెట్టింగూ పనిచేయదండీ. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఉన్న ఒక పాఠకుడికీ ఇంతకుముందు ఇదే రాశాను. ఇనుములో ఉన్న లోపానికి యాప్‌లో మందు వెతుకుతున్న ఉత్తరాలు నెలనెలా వస్తూనే ఉన్నాయి.

మీ బండి కోవెంట్రీలోనే, క్యాన్లీ ఫ్యాక్టరీలో తయారైంది. దాని వెనక ఇరుసు ఒకసారి కిందికి వంగి చూడండి. మధ్యలో డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే పళ్లచక్రాల పెట్టె, ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. దానికి రెండు పక్కలా ఒక్కో జాయింటు, అక్కణ్ణుంచి ఇరుసు, ఇరుసు చివర చక్రం. చక్రం దగ్గర రెండో జాయింటు లేదు. అందుకే బండి వెనక భాగం పైకి లేస్తే చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి, గొడుగు మూస్తుంటే కమ్ములు ముడుచుకున్నట్టు. మలుపులో యాక్సిలరేటర్ వదలగానే బరువు ముందుకు పోతుంది, వెనక భాగం తేలుతుంది, బయటివైపు చక్రం ముడుచుకుని టైరు అంచు మీద నిలబడుతుంది. రోడ్డు టైరుని పక్కకి నెట్టే బలం ఏటవాలుగా జాయింటు దాకా పోయి బండిని ఇంకాస్త పైకి ఎత్తుతుంది. టైరు పట్టు పెరిగేకొద్దీ ఈ ఎత్తడమూ పెరుగుతుంది. మేలు చేస్తుందని మీరు వేయించిన వెడల్పాటి టైరే ఇక్కడ కీడు చేస్తోంది.

షాకబ్జర్ కదలిక వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. చక్రం ఎంతవరకు ముడుచుకోవాలో దాని చేతిలో లేదు. బిగువు పెంచితే ముడుచుకోవడం కాస్త ఆలస్యం కావచ్చు, కానీ పొడవాటి మలుపులో ఆ ఆలస్యం చాలదు. పాతవాటికంటే పొడవైనవి వేశారేమో కూడా చూడండి. అలా అయితే చక్రం ఇంకా కిందికి వేలాడటానికి మీరే దారి ఇచ్చినట్టు.

మీ ఫొటోల్లో ఒకటి పెద్దది చేసి చూశాను. ఫోన్‌ని రిమ్‌కి ఆనించి చక్రం వాలు కొలుస్తున్నారు, జాకీ ఇంకా పక్కనే ఉంది. ఆ కొలత పనికిరాదు. జాకీ దించగానే ఈ బండి చక్రాలు తమ చోటికి రావు. అలా రావాలంటే టైర్లు నేల మీద పక్కకి జరగాలి, నిలబడ్డ బండిలో అవి జరగవు. నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ దొర్లించాకే కొలవాలి. పైగా మీ ఫోన్ వెనక కెమెరా బొడిపె ఉంది. 150 మి.మీ. పొడవున్న ఫోన్ ఒక చివర 3 మి.మీ. లేచి ఉంటే కొలత 1 డిగ్రీకి పైగా తప్పుతుంది. మీరు పట్టుకోవాల్సిన తేడాయే 1, 2 డిగ్రీలది.

దీనికి యాప్ ఎందుకండీ? తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు దారం చాలు. మట్టంగా ఉన్న నేల మీద బండి ఆపి, డ్రైవర్ సీట్లో మీ బరువంత పెట్టి, చక్రం పక్కన దారం వేలాడదీయండి. రిమ్ పై అంచు దారానికి ఎంత దూరం, కింది అంచు ఎంత దూరం అన్నది స్కేలుతో చూడండి. మీ 13 అంగుళాల రిమ్ మీద ఆ రెంటికీ 6 మి.మీ. తేడా ఉంటే దాదాపు 1 డిగ్రీ అనుకోవచ్చు. చక్రం పై భాగం కొద్దిగా లోపలికి వాలి ఉండాలి. బయటికి వాలి ఉంటే దొంగ దొరికినట్టే.

నా అనుమానం ఆ కొత్త కమాన్ కట్ట మీదే. ఫొటోలో బండి వెనక భాగం ఎత్తుగా నిలబడి ఉంది. పట్టీల వంపు ఎక్కువైతే, బండి కదలక ముందే చక్రాలు సగం ముడుచుకుని ఉంటాయి. అయితే కట్ట మార్చేముందు, ఇరుసుని ముందువైపు పట్టి ఉంచే కడ్డీల బుష్‌లు, అంటే వాటి చివర్లలో ఉండే రబ్బరు తొడుగులు, చూడండి. తిన్నని రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంటే ముందు అనుమానించాల్సింది వాటినే.

1970లో వచ్చిన మార్క్ 4లో కంపెనీయే ఈ జబ్బుకి మందు వేసింది. కమాన్ కట్టని మధ్యలో బిగించేయకుండా అటూ ఇటూ ఒరిగేలా అమర్చింది, ముందువైపు యాంటీ రోల్ బార్‌ని, అంటే మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీని, లావు చేసింది. మీ బండికి ఆ కట్ట వేయించవచ్చు. వేయిస్తే లావు బార్ కూడా వేయించి తీరాలి, లేకపోతే మలుపులో బండి విపరీతంగా ఒరుగుతుంది. డిఫరెన్షియల్ మీద కట్టని బిగించే స్టడ్లు (బోల్టులు) సరిపోతాయో లేదో మెకానిక్‌ని ముందే చూడమనండి. ఇదంతా అయ్యేదాకా మలుపుకి ముందే వేగం తగ్గించి, లోపల యాక్సిలరేటర్‌ని నిలకడగా పట్టండి. దయచేసి రోడ్డు మీద మళ్లీ ‘పరీక్ష’ చేయకండి.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మీరు పంపిన ఫైలు. సస్పెన్షన్ గురించి అందులో ఏమీ లేదు. మీ యాప్ సెకనుకి ఒక చుక్క పెడుతోంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో రెండు చుక్కల మధ్య దాదాపు 17 మీటర్లు గడిచిపోతాయి, చక్రం ముడుచుకునేది ఆ సందులోనే. కానీ మొదటి వరుసలో అక్షాంశం, రేఖాంశం ఆరు దశాంశ స్థానాలతో ఉన్నాయి. మ్యాపులో పెడితే ఒక ఇంటి పక్క గ్యారేజీ తలుపు దగ్గర ఆగింది. అది మీదే అనుకుంటాను. తొమ్మిది ప్రయాణాలూ అక్కడే మొదలై అక్కడే ముగిశాయి. ఆ బండి ఏ వారం, ఏ వేళప్పుడు ఖాళీగా నిలబడి ఉంటుందో కూడా తెలిసిపోతోంది.

బ్రిటన్‌లో కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం చెవి లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం, తప్పనిసరి అయింది 1998 అక్టోబరులో. మీ బండి దానికి 30 ఏళ్లు పెద్దది. ఇగ్నిషన్ వైర్లు తెలిసినవాడికి తాళం చెవి అక్కర్లేదు. అలాంటి బండి చిరునామాని మీ యాప్, ‘మిత్రులతో పంచుకోండి’ అనే మీట ముందే ఆన్ చేసి పెట్టి, అందరికీ చూపిస్తోంది. 2018 జనవరిలో ఒక వ్యాయామ యాప్ మ్యాపులో సైనిక స్థావరాల లోపలి బాటలు బయటపడి ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. అంత జరిగాక కూడా ఈ మీటని ఆన్‌లో ఉంచి అమ్మేవాళ్లని నేను క్షమించలేను. ఈరోజే అది ఆపేయండి, సర్వర్‌లో ఉన్న పాత ప్రయాణాలు తుడిచేయండి. ఇకమీదట రికార్డింగ్ ఇంటి దగ్గర మొదలుపెట్టకండి, ఏదో పెట్రోల్ బంకు దాటాక నొక్కండి, ఇంటికి రాకముందే ఆపండి.

షాకబ్జర్ల సంగతి కూడా చూడాలి. ఇంట్లో వేరే ఫోన్‌లో అదే యాప్ వేసి బండి పక్కన నిలబడండి. బండిలో ఏ మీటా నొక్కకుండా, ఏ పిన్నూ అడగకుండా కనెక్ట్ అయితే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పక్క కారులోవాడికీ అవుతుంది. చక్రాన్ని పట్టి ఉండే వస్తువుని పరాయి ఫోన్‌కి అప్పగించకూడదు, దాన్ని విప్పించేయండి. లొకేషన్ అనుమతి లేనిదే బ్లూటూత్ పనిచేయదని ఆ యాప్ అంటోందని రాశారు. ఆండ్రాయిడ్ 11 వరకు అందులో కొంత నిజం ఉంది. 12 నుంచి బ్లూటూత్‌కి వేరే అనుమతి వచ్చింది, కాబట్టి ఆ సాకు చెల్లదు. నన్నడిగితే ఒంటి మీద చేత్తో తిప్పే మర ఉన్న షాకబ్జరే మేలు. దానికి అప్‌డేట్ రాదు, రాత్రికి రాత్రి సెట్టింగులు మొదటికి రావు.

మీ ఫైలు నా దగ్గర తీసేశాను. బుష్‌లు చూపించి, బండిని దొర్లించి, గుండు దారంతో కొలిచాక రెండు అంకెలు రాయండి చాలు: ఎడమ చక్రానిది ఒకటి, కుడి చక్రానిది ఒకటి.